సాగనంపు పాటకు ఎన్ని గీతలు

మా మరిది పోయాడన్న కబురు ఆ గురువారం ఉదయం ఏడున్నరకు తెలిసింది. అతని కోడలు ఫోన్ చేసి, "పెద్దత్తా, మావయ్య ఎల్లిపోనారు" అని ఆగిపోయింది. వెనక మా తోటికోడలి ఏడుపు వినిపించింది. మూడు వీధుల అవతల ఇల్లు. నేను తలుపు గొళ్ళెం పెడుతూండగా మళ్ళీ ఫోన్ మోగింది.

"పెద్దత్తా, సాగనంపు పాట టాబ్‌లోకి పూర్తిగా ఎక్కిందా? మూడు గంటలకి తీసీద్దామంటన్నారు. మావయ్య లేకుండా ఆ పాట ఎవులికీ మొత్తం రాదు."

"వస్తున్నాను" అన్నాను. ఎక్కిందని గాని, ఎక్కలేదని గాని చెప్పలేదు. ఆ పాట పూర్తికాలేదని ఇద్దరికే తెలుసు. ఆ ఇద్దరిలో ఒకరు పోయారు.

చదివే మీలో అతణ్ణి ఎరిగినవారు తక్కువే ఉంటారు. ఉద్దానంలో, సముద్రానికి మైలున్నర దూరంలో ఉన్న మా ఊళ్ళో నా భర్తకు తమ్ముడు. నాలుగెకరాల జీడితోట, కొన్ని కొబ్బరిచెట్లు. చదువు ఏడో తరగతితో ఆపేశాడు. ముప్పై అయిదేళ్ళు ఊరి భజన బృందానికి హార్మోనియం వాయించాడు. బృందంలో ఆరుగురు మగవాళ్ళు, అయిదుగురు ఆడవాళ్ళు. ఆ అయిదుగురిలో నేనొకర్తెను. టెక్కలిలో లెక్కల పంతులమ్మగా పనిచేసి, పదవీ విరమణ తరువాత ఊరికి వచ్చాక చేరాను. గొంతు బాగుండి కాదు, పాటల పుస్తకం సరిగా ఉంచేవారు లేక చేర్చుకున్నారు.

పాటల పుస్తకం అంటే, నేను వచ్చేసరికి అయిదు పుస్తకాలుండేవి. ఒక్కో ఇంట్లో ఒక్కోలా రాసుకున్నవి. ఒకామె రెండో చరణం మరొకామెకు మూడోది. నేను కూర్చుని అన్నీ పోల్చి, అరవై నాలుగు పాటలకు వరుస సంఖ్యలు వేసి, ఒక్క పాఠం తేల్చాను. ఆ పుస్తకం మా మరిదికి చూపించాను. చివరిదాకా తిప్పి, మూసి, నా చేతిలో పెట్టాడు.

"అరవై నాలుగూ ఉన్నాయి. మరి వరసలేవీ?" అన్నాడు.

పాట నడిచే బాణీని మా వైపు భజనల్లో వరస అంటారు. వరసలన్నీ అతని తలలోనే ఉన్నాయి. "నువ్వున్నావు కదా" అన్నాను.

"నానున్నానులే" అన్నాడు.

తరువాత మూడేళ్ళకు అతని మూత్రపిండాలు చెడ్డాయి. మా ఊళ్ళో ఈ మాట ఎవరికీ కొత్త కాదు, వివరించను. సోమవారం, గురువారం పలాసలో డయాలిసిస్. దానికోసం ఎడమచేతి మణికట్టు పైన నరాలు కలిపి కుట్టారు. ఆ చేత్తో బరువు ఎత్తకూడదు, బలంగా లాగకూడదు, నొక్కకూడదు. హార్మోనియం వాయించడమంటే కుడిచేత్తో మెట్లు నొక్కుతూ ఎడమచేత్తో వెనక తిత్తిని ఆడించడం. డాక్టరు ఆ మాట చెప్పిన రోజు ఇంటికి వచ్చి, పెట్టెమీద పాత దుప్పటి కప్పి, దానివైపు వీపు పెట్టి కూర్చున్నాడట. తోటికోడలు నాతో చెప్పి కళ్ళు తుడుచుకుంది.

నేను వెళ్ళేసరికి మాత్రం నవ్వుతూనే ఉన్నాడు. ఆ ఎడమచేతిని నా చెవి దగ్గరికి తెచ్చి, "ఇను వదినా" అన్నాడు. కుట్టిన చోట లోపల నెత్తురు జుమ్మని మోగుతోంది. "సూసినావా, లోపల శ్రుతిపెట్టె బిగించీసినారు."

"ఎన్నో శ్రుతి?" అన్నాను. నాకు హాస్యం చేతకాదు. నిజంగానే అడిగాను.

"తేలట్లేదు. మిషన్ ఎక్కీ ముందొకటి, దిగినాక ఒకటి" అన్నాడు.

అతని కోడలు పలాసలో ఒక బడిలో పాఠాలు చెబుతుంది. చిన్నప్పుడు కీబోర్డు నేర్చుకుంది. ఉపాయం ఆమెదే. సంగీత కచేరీల్లో వాడే ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. పాట మాటలు పెద్ద అక్షరాలతో వస్తాయి, ప్రతి అక్షరం నెత్తిమీద దాని స్వరం ఉంటుంది. అప్పుడు పాడవలసిన పంక్తి వెలుగుతుంది, మిగతావి మసకగా ఉంటాయి. టాబ్‌లో ఎక్కించి భజన మందిరంలో టీవీకి కలిపితే అందరికీ కనిపిస్తుంది. కాలి కింద ఒక చిన్న పెడలు ఉంటుంది, నొక్కితే తరువాతి పంక్తి. మామగారి వరసలన్నీ స్వరాలుగా రాసేస్తే తాను చూసి కీబోర్డు మీద వాయించగలనంది. మాటలు టైపు చెయ్యడం నా వంతు, స్వరాలు చెప్పడం అతని వంతు, పెడలు నా కాలి కింద.

మొదటి సాధన నాకు బాగా గుర్తుంది. సాయంత్రం అయిదు గంటలు. బృందంలో అందరికంటే పెద్దామెను మేమంతా అప్ప అంటాం. ఆమె ఎప్పుడూ అరపంక్తి వెనకే అందుకుంటుంది. నేను పుస్తకంలో ఉన్నట్టు, పంక్తి ముగిసిన క్షణంలో పెడలు నొక్కుతున్నాను. మూడో పంక్తికి అప్ప పాట మానేసి తాళాలు ఒళ్ళో పెట్టుకుంది.

"ఓలమ్మా! నాను నోరు తెరిసీసరికి అచ్చరాలు పారిపోతన్నాయి. ఏటీ దొంగ టీవీ!"

"టీవీ దొంగది కాదప్పా" అన్నాడు మా మరిది. "మా వదిన తరిమెత్తంది. ముప్పయ్యేళ్ళు బళ్ళో గుంటల్ని తరిమిన కాలు అది, ఊరికే ఉంటాదేటి?"

అందరూ నవ్వారు. నాకు కోపం వచ్చింది. పంక్తి అయిపోయాక నొక్కడం తప్పెలా అవుతుందని అడిగాను. అతను లేచి వచ్చి నా పక్కన నేలమీద కూర్చున్నాడు. అందరికీ వినపడకుండా చెప్పాడు.

"తెర సూడకు వదినా. నా నోరూ సూడకు. అప్ప నోరు సూడు. ఆవిడ మూసినాక నొక్కు. వెనకబడ్డోలు అందుకున్నాకే పాట ముందుకెల్లాల."

ఆనాటి నుంచి అప్ప నోరే చూశాను. బృందం మళ్ళీ పాడింది. నేను ఆ మాట ఒప్పుకున్నానని అతనికి ఎప్పుడూ చెప్పలేదు. అతనికి చెప్పకుండా మిగిలిపోయిన వాటిలో ఇదొకటి.

తోటికోడలికి మోకాళ్ళ నొప్పులు. అందుచేత సోమవారాలు అతని వెంట పలాస నేను వెళ్ళేదాన్ని. సుమ్మాదేవి మీదుగా ఆటో. అతను మిషన్ దగ్గర నాలుగు గంటలు పడుకోవాలి. ఎడమచేతికి గొట్టాలు. కుడిచెయ్యి ఖాళీ. ఆ కుడిచేత్తో దుప్పటి మీద మెట్లు నొక్కుతూ చిన్నగా పాడేవాడు, నేను టాబ్‌లో స్వరాలు వేసేదాన్ని. వారానికి రెండు పాటలు, ఓపిక ఉంటే మూడు. పక్క మంచాలవాళ్ళు వినేవారు. కవిటి వైపు నుంచి వచ్చే ఒకాయన ప్రతి సోమవారం, "బావా, ఇయ్యాల ఏటి పాట?" అని అడిగేవాడు. పాడితే కళ్ళు మూసుకునేవాడు.

మా తగువంతా గీతల మీద. ఒక అక్షరాన్ని నాలుగు స్వరాలపాటు సాగదీస్తే, అక్షరం తరువాత నాలుగు చిన్న గీతలు పెట్టాలి. అప్పుడే కోడలికి ఎంతసేపు ఆగాలో తెలుస్తుంది. మా మరిది ఒక సోమవారం నాలుగు సాగదీస్తే, మరుసటి సోమవారం ఏడు.

"ఎన్ని గీతలు పెట్టమంటావు?" అనేదాన్ని.

"మనుసుల్ని బట్టి."

"మనుషుల్ని బట్టి అనే గీత ఈ టాబ్‌లో లేదు. అంకె చెప్పు."

"అయితే అయిదెట్టు. నీకూ వద్దు, నాకూ వద్దు."

అలా బేరమాడి అరవై మూడు పాటలు పూర్తి చేశాం. తేదీలతో సహా నా దగ్గర ఉన్నాయి. అరవై నాలుగోది సాగనంపు పాట. ఊళ్ళో ఎవరు పోయినా, ఇంటి ముంగిట్లోంచి బయలుదేరినప్పటి నుంచి మోసేవాళ్ళతో నడుస్తూ పాడేది. పల్లవిలో పోయినవారి పేరు వస్తుంది. నాలుగు చరణాలు: గడప, వీధి, తోట, ఇసుక. మోసేవాళ్ళు గడప దాటేవరకూ గడప చరణం, వీధి దాటేవరకూ వీధి చరణం. ఆ చోటు నిజంగా దాటేవరకూ చరణం చివరి అక్షరాన్ని వదలకూడదు. ముందు నడిచేవాడు వెనక్కి చూసుకుంటూ సాగదీయాలి. ముప్పై అయిదేళ్ళుగా ఆ ముందు నడిచేవాడు మా మరిది.

దాన్ని రాయనివ్వలేదు. "ఒగ్గీ వదినా" అనేవాడు. "అది కూకుని పాడీ పాట కాదు, కాగితంలో ఎలగ ఉంటాది?"

"అరవై మూడు దగ్గర పుస్తకం ఆపితే నాకు నిద్ర పట్టదు."

"పోనీ ఎల్లుండికి ఏరే పాట ఒకటి కట్టిత్తాను, దాన్ని అరవై నాలుగు సేసీ."

ఒక సోమవారం మేము వెళ్ళేసరికి కవిటి ఆయన మంచం మీద వేరే మనిషి ఉన్నాడు. మా మరిది ఎవరినీ ఏమీ అడగలేదు. సూదులు గుచ్చి నర్సు వెళ్ళాక, కప్పువైపు చూస్తూ, "రాసీ వదినా" అన్నాడు. ఏది అని అడగనక్కరలేకపోయింది.

పల్లవి ఎత్తాడో లేదో, వార్డులో నాలుగైదు తలలు ఇటు తిరిగాయి. ఉద్దానంవాళ్ళకు ఆ వరస రెండు స్వరాల్లో తెలిసిపోతుంది. ఒకావిడ చెవులు మూసుకుంది. నర్సు వచ్చి, "తాతగారూ, మీకు దండం పెడతాను, ఆ పాట ఇక్కడ వద్దండి" అంది. అతను వెంటనే ఆపేసి, "తప్పయిపోనాది తల్లీ" అన్నాడు.

అప్పటి నుంచి ఆ పాట బయట బెంచీ మీద రాసుకోవలసి వచ్చింది. నాలుగు గంటల మిషన్ తరువాత మనిషి వడిలిపోయి ఉంటాడు. ఎదురుగా టీ దుకాణం, గాలిలో జీడిపిక్కలు కాల్చే వాసన. ఆటో వచ్చేలోగా ఒక్కో వారం ఒక పంక్తి, రెండు పంక్తులు చెప్పేవాడు. పల్లవిలో పేరు దగ్గర ఏం రాయాలని అడిగాను.

"నా పేరెట్టు. ఎవులికీ నొప్పుండదు."

"నోరు ముయ్యి."

"మరి నీ పేరెడతావేటి?" అని నవ్వి దగ్గాడు. నాకు శకునాల మీద నమ్మకం లేదు. అయినా రాయలేదు. ఆ చోట నాలుగు గీతలు పెట్టి ఖాళీ వదిలాను.

గడప, వీధి, తోట చరణాలు పూర్తయ్యాయి. ఇసుక చరణానికి మాటలు, స్వరాలు చెప్పాడు. చివరి అక్షరం ఎంతసేపో చెప్పలేదు. అది నేనెప్పుడూ వినని చరణం. ఆడవాళ్ళం వీధి చివర ఆగిపోతాం. తోట, ఆపైన మొగలి పొదలు, ఇసుక దాటి వెళ్ళేది మగవాళ్ళే. ఎన్ని గీతలని మూడు వారాలు అడిగాను. మూడు వారాలూ "వొచ్చే వారం సెప్తాను" అన్నాడు.

ఆఖరి సోమవారం అతని మొహం నల్లబడి ఉంది, కాళ్ళు పొంగి ఉన్నాయి. అది చూశాను. చూసి కూడా అడిగాను. వచ్చే వారమన్నాడు. నాకు విసుగొచ్చింది. "వాయిదాలు వేసే పిల్లల్ని నేను గుమ్మం బయట నిలబెట్టేదాన్ని" అన్నాను. చుట్టూ నలుగురున్నారు.

"అలగయితే గుమ్మం బయటే నిలబడతాన్లే, పంతులమ్మా" అన్నాడు. ఎప్పుడూ వదినా అనేవాడు, ఆ ఒక్కసారీ పంతులమ్మా అన్నాడు. ఆటోలో కళ్ళు మూసుకున్నాడు. ఇంటి దగ్గర దింపితే చెయ్యెత్తాడు గాని మాట్లాడలేదు. మధ్యలో మంగళవారం, బుధవారం ఉన్నాయి. మూడు వీధులు నడిచి నేను వెళ్ళలేదు. నాకు ఎంత పని ఉందో ఇప్పుడు రాస్తే అబద్ధమవుతుంది.

ఆ గురువారం పది గంటలకు అతని ఇంటి వరండాలో టాబ్ ముందు కూర్చున్నాను. పల్లవిలో ఖాళీ ఉన్నచోట గీతలు చెరిపి అతని పేరు టైపు చేశాను. నాలుగక్షరాలు. నాలుగు గీతల్లో సరిగ్గా పట్టాయి. నేను ఆ నాలుగు ఎందుకు పెట్టానో అప్పుడు గాని నాకు తెలియలేదు.

సరిచూడడానికి పాట మూసి మళ్ళీ తెరవబోతే, మార్పులు భద్రం చెయ్యమంటారా అని అడిగింది టాబ్. భద్రం చేస్తే ఆ పాటలో అతని పేరు నిలిచిపోతుంది. ఇంకొకరి ఇంటి దగ్గర పాడవలసినప్పుడు ఎవరో ఒకరు ఆ పేరు చెరపాలి. చెరిపేది నేనే అవుతాను. లేదా నా కోసం ఇంకొకరు. వద్దు అని నొక్కితే ఇప్పుడే పోతుంది. ఏదీ నొక్కకుండా వెనక్కి వచ్చి ఆ పేజీని తెరిచే ఉంచాను. అలా తెరిచి ఉన్నంతసేపూ పేరు ఉంటుందని కోడలు చెప్పింది.

ఇసుక చరణం చివరి అక్షరం పక్కన ఎన్ని గీతలు పెట్టాలి? కోడలు నావైపు చూస్తోంది. డోలకు వాయించే అతను కూడా వచ్చి నిలబడ్డాడు. ఇక ముందు నడవవలసింది అతనే.

"అమ్మా, ఇసక కాడ ఎంతసేపు పట్టాల? అన్న ఏటి సెప్పాడు?"

చెప్పలేదని అన్నాను. నేను అడిగిన తీరు కూడా చెప్పాను, అందరి ముందు. అప్ప నా భుజం మీద చెయ్యి వేసి, "ఆడు సెప్పీవోడు కాదులే, నీకని కాదు, ఎవులికీ సెప్పీవోడు కాదు" అంది. అది నన్ను ఓదార్చడానికి అన్నదో, నిజమో తెలియదు.

మధ్యాహ్నం రెండింటిదాకా వరండాలోనే సాధన చేశారు. కోడలు కీబోర్డు మీద ఒక్కో పంక్తి వాయిస్తూంటే మగవాళ్ళు తెరలో చూసి అందుకున్నారు. మూడు గంటలకు లేపారు. కీబోర్డుకు కరెంటు కావాలి, అది వరండాలో ఉండిపోయింది. నేను టాబ్ రెండు చేతులా పట్టుకుని డోలకు వాయించే అతనికి కనిపించేలా పక్కన నడిచాను. పల్లవి ఎత్తారు. అతని పేరు పాటలో మొదటిసారి వినిపించినప్పుడు తోటికోడలు గడప మీద కూలబడింది. "గడప దాటితివా, కంచం మరిసితివా" అన్న పంక్తిని వాళ్ళు వదల్లేదు, ఆమెను లేపి పక్కకు తీసుకెళ్ళేవరకూ సాగదీస్తూనే ఉన్నారు. నేను పెట్టిన అయిదు గీతలు ఎప్పుడో అయిపోయాయి.

వీధి చివరికి వచ్చాం. అక్కడి నుంచి దారి తూర్పుకు, సముద్రంవైపు. నాలుగు గంటల ఎండ వెనకనుంచి నేరుగా తెరమీద పడింది. అక్షరాలన్నీ తెల్లబడిపోయాయి. ఎలాగూ నేను దాటకూడని చోటు అది. టాబ్ డోలకు వాయించే అతనికి చాచాను.

"ఉంచీ అమ్మా" అన్నాడు. "ఎండలో ఏటీ కనబడదు. నోటికొచ్చినంత పాడతాం."

వెళ్ళారు. ఆడవాళ్ళు స్నానాలకు వెనుదిరిగారు. కోడలు పిలిచింది, వస్తానన్నాను. ఆఖరి ఇంటి ప్రహరీ నీడలోకి జరిగి, కొంగు తెరకు అడ్డం పెట్టుకున్నాను. అక్షరాలు కనిపించాయి. పాట దూరం నుంచి వస్తోంది. "తోట దాటితివా, పిక్కలెవరేరుతారు" అన్నది స్పష్టంగానే వినిపించింది. తోట మొత్తం దాటేవరకూ ఆ అక్షరాన్ని వాళ్ళు మోసుకుంటూ వెళ్ళారు. అది ఆగాక వేలితో తాకి ఇసుక చరణం మీదికి తెచ్చాను.

"ఇసక దాటితివా" అన్న రెండు మాటలు వినిపించాయి. డోలకు మీద రెండు దెబ్బలు. తరువాత కొబ్బరాకుల చప్పుడు, దాని వెనక సముద్రం. పంక్తిలో మిగిలిన మాటలు నాకు తెలుసు, తెరమీద ఉన్నాయి. వాళ్ళు అక్కడికి వచ్చారో లేదో తెలియలేదు. చివరి అక్షరాన్ని పట్టుకున్నారో, వదిలేశారో తెలియలేదు. టాబ్ నా చేతిలో ఉన్నప్పుడు పాట ఎక్కడుందో నాకు ఎప్పుడూ తెలిసేది.

ఎవరూ ముట్టకపోతే ఆ తెర రెండు నిమిషాలకు తనంతట తానే మసకబారుతుంది. మసకబారింది. పైన పల్లవిలో ఉన్న నాలుగక్షరాలు ముందు పోసాగాయి. తాకాను, వెలిగింది. మళ్ళీ మసకబారింది. మళ్ళీ తాకాను. ప్రహరీ నీడ నా పాదాలు దాటి దారిమీదికి పాకింది. నేను ఆ పంక్తిని ముందుకు జరపలేదు.